మల్లవ్వ మోటకు నేను పెట్టిన చిల్లు

ఆ రోజు పొద్దున బావి గట్టు మీద ఉన్నవి ఇవి: మూతపడిన పిండిమిల్లు నుంచి తెచ్చిన ఆయిల్ ఇంజన్ ఒకటి, పంపు ఒకటి, ఇనుప గొట్టాలు నాలుగు, కంట్రోలు దుకాణం వాడిని బతిమాలి సంపాదించిన కిరసనాయిల్ డబ్బాలు రెండు, నా కంపాసు పెట్టె, నా నోటుబుక్కు. మనుషులం ఐదుగురం. పెద్దబాపు, మల్లవ్వ, మోటలు కుట్టే యేసయ్య, నేను నేల మీద. కల్లు గీసే లచ్చాగౌడు తాటిచెట్టు మీద. పొద్దుగూకేలోపు ఇందరిలో ఒకడు నీళ్లలో నడుము దాకా కూర్చుని ఉంటాడు. ఎవడని అడగకండి. ఈ కథ చెప్పే ధైర్యం ఇంకెవడికి ఉంటుంది?

నవ్వడానికే రాస్తున్నాను కాబట్టి నవ్వండి. కానీ ఒక్క మాట ముందే చెప్పి పెడతాను: ఇంజన్ తప్పు ఏమీ లేదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. నేను హైదరాబాదులో టెక్నికల్ స్కూలు చదువు పూర్తి చేసుకుని సిద్దిపేటకు వచ్చి నెల కాలేదు. కొత్తగా చదివినవాడి చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చి, కొట్టే రాయి కూడా నువ్వే ఇచ్చినట్టు. నంగునూరు పోయే తోవలో మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు రాజయ్యకూ, మల్లవ్వకూ కలిపి ఒక పొత్తుల బావి ఉంది. చెరొక మోట. మోట అంటే ఎద్దులు మోకుతో లాగే పెద్ద తోలు సంచి. బావిలో మునిగి, పైకొచ్చి కాలవలో నీళ్లు గుమ్మరించి, మళ్లీ దిగుతుంది. ఎద్దులు ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. అది చూస్తుంటే నా చదువుకు అవమానం జరిగినట్టు అనిపించేది.

ఆ బావికి గడియారం ఒక గుంజ. గట్టు మీద పాతిన ఆ గుంజ నీడ మొదట్లోకి చేరేదాకా పెద్దబాపు వంతు. నీడ అటు తిరిగిందంటే మల్లవ్వ వంతు. వంతులో ఎంత తోడుకుంటే అంత నీది. తాతల నాటి నుంచి ఈ లెక్క మీద ఒక్క తగవు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడే ఆలోచించి ఉంటే, ఈ కాగితం ఇంకో పనికి వచ్చేది.

ముందు పెద్దబాపును ఒప్పించాను.

"గిది ఎంత తోడుతదిరా సత్తీ?"

"నీ ఎద్దులు పూటంత లాగే నీళ్లు గిది గంటల పోస్తది పెద్దబాపూ."

"మేత?"

"కిరసనాయిల్."

"పేడ?"

"ఎయ్యదు."

పెద్దబాపు గడ్డం గోక్కున్నాడు. "పేడ ఎయ్యకపోతే మడికి ఎరువెట్ల?"

ఈ ప్రశ్న మా స్కూల్లో ఒక్క మాస్టారూ అడగలేదు. నా నోటుబుక్కులో ఇంజను గుణాలు పదిహేడు రాసుకున్నాను. పేడకు గడి లేదు. "గదంత తర్వాత చూద్దాం" అన్నాను. పాఠకులు గమనించాలి: కొత్త యంత్రం తెచ్చిన ప్రతివాడూ మొదట చెప్పే మాట ఇదే.

మల్లవ్వ అంత తేలికగా లొంగలేదు. ఆమెకు ఉన్నది ఆ ఒక్క మడి. ఏడాది తిండి అందులోంచే. ఎండాకాలపు యాసంగి వరి పొట్ట పగిలి, గింజ పాలు పోసుకుంటున్న సమయం. ఆ సమయంలో మడి ఎండితే గింజ నిండదు, తాలు మిగులుతుంది.

"ఇంజన్ బిగిస్తందుకు ఎన్ని దినాలు మోట ఆపాలె?" అని అడిగింది.

"రెండే దినాలు అవ్వా."

"మూడో దినం మాత్రం నా మడికి నీళ్లు పారాలె. నాలుగో దినం పారినా ఒకటే, పారకున్నా ఒకటే. ఎరికేనా?"

"మూడో దినం నీ మడి చెరువైతది."

"చెరువొద్దు బిడ్డా. మడి మడి లెక్క ఉంటె సాలు. బావిని అడిగినవా మరి?"

"బావిని అడుగుడేందవ్వా? కొలిచిన. పొడుగు, ఎడల్పు, లోతు. మూడుసార్లు."

"కొలుసుడు ఏరు, అడుగుడు ఏరు. దానికి ఊట ఎంతున్నదో సూశినవా?"

"తోడినకొద్దీ ఊరుతది. గా ముచ్చట నీకు నేను జెప్పాల్నా?"

సామెత చెప్పినవాడు ఎంత వేగంగా తోడాలో చెప్పలేదు. ఎద్దుల కాలంలో ఆ సంగతి అతనికి అవసరపడలేదు. నాకు అవసరపడింది, కానీ నేను అడగలేదు.

రెండు రోజుల్లో మోట గిలక ఊడదీయించాను, దూలం దించాను, ఇంజన్ బిగించాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నారు కదా? నేను ఏరు గట్టు మీద నిలబడే తెప్పతో చలి కాచుకున్నాను. పెద్దబాపు నాకంటే రెండాకులు ఎక్కువ చదివాడు. తన మోటను యేసయ్యకు ఇచ్చి మూడు జతల చెప్పులు కుట్టించుకున్నాడు. "ఇగ మోటతోని ఏం పని?" అని కిర్రుకిర్రుమంటూ గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. ఆయన మోట ఆయన కాళ్లకు ఉంది.

మూడో రోజు వచ్చింది. కిరసనాయిల్ అంటుకునేందుకు ఇంజన్ తలకాయను మంటతో కాల్చాను, చక్రం తిప్పాను. పదకొండోసారికి అది "డుబ్" అంది. పన్నెండోసారికి "డుబ్ డుబ్ డుబ్" అంటూ మొదలైంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నవాడు మా ఇంజన్‌ను చూసి ఉంటే పిట్టకు క్షమాపణ చెప్పేవాడు. నంగునూరు బండ్లకు కట్టిన ఎద్దులు బండ్లతో సహా వెనక్కి తిరిగాయి. ఇంజన్ అరుస్తూనే ఉంది, పంపు తిరుగుతూనే ఉంది. నీళ్లు మాత్రం రావు.

చెట్టు మీది నుంచి లచ్చాగౌడు అరిచాడు: "ఓ పిలగా! ఇంజన్ ఏడుస్తుంది గని కన్నీళ్లు వస్తలేవు!"

వెతికాను. గొట్టాల కీలు దగ్గర రబ్బరు వాచరు చీలింది. అక్కడ గాలి దూరితే పంపు నీళ్లు పీల్చదు. కొత్త వాచరు కావాలంటే హైదరాబాదు పోవాలి, పోను ఒక రోజు, రాను ఒక రోజు. నేను చుట్టూ చూశాను. పెద్దబాపు చెప్పులు చూశాను. ఆయన కాళ్లు వెనక్కి జరిపాడు. అప్పుడు కనిపించింది, గట్టు పక్క మొండిగోడకు వేలాడుతున్న మల్లవ్వ మోట. ఏళ్ల తరబడి ఆముదం తాగి నిగనిగలాడుతున్న మందపాటి తోలు. మల్లవ్వ సద్ది తేవడానికి ఇంటికి పోయింది.

నేను కంపాసు పెట్టె తెరిచాను.

యేసయ్య పరుగెత్తుకు వచ్చాడు. "సిన్న పటేలా, గది మల్లవ్వ మోట!"

"ఇగ ఆమెకు మోట ఎందుకు యేసయ్యా?"

"ఎందుకో నాకేం ఎరుక? అడిగి కొయ్యరాదు?"

"అడిగితే ఒద్దంటది."

"గందుకే గద అడుగుతరు!"

ఇంత తిన్నని తర్కం ఎదురైనప్పుడు చదువుకున్నవాడు ఏం చేయాలి? చెవులు మూసుకుని కోయాలి. మోట అడుగున, సరిగ్గా నీళ్లు నిలిచే చోట, వృత్తం గీసి, లోపల ఇంకో వృత్తం గీసి, కోశాను. వెంట్రుకవాసి తేడా లేదు. అంత గుండ్రటి తప్పు సిద్దిపేట తాలూకాలో అంతకు ముందు ఎవరూ చేసి ఉండరు.

కోసింది నేనైనా, దాన్ని కీలులో కూర్చోబెట్టింది యేసయ్య. నేను బిగిస్తే పక్కనుంచి గాలి పీలుస్తూనే ఉంది. అతను ముక్కను నీళ్లలో నానబెట్టి, ఆముదం రాసి, అంచు పలచగా చెక్కి పెట్టాడు. ఒక్క చుక్క జారలేదు. "తోలుకు బలుపు చూపిస్తె వినదు పటేలా, బుజ్జగియ్యాలె" అన్నాడు. అదొక్కటీ నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

ఇక నీళ్లు! మనిషి తొడంత లావు ధార. కాలవ ఉరికింది. పెద్దబాపు చిన్న పిల్లాడిలా కాలవ వెంట పరుగెత్తాడు. గంటలో ఆయన మడి నిండింది. రెండో గంటకు గట్ల అంచుల దాకా వచ్చింది. సద్ది గంపతో తిరిగి వచ్చిన మల్లవ్వ బావిలోకి తొంగి చూసింది.

"పటేలా, ఇగ బందు పెట్టరాదూ? నీ మడి నిండింది. నాకింత ఉంచు."

"వంతు వంతే మల్లవ్వా. గుంజ నీడ సూడు, ఇంక మూరెడున్నది."

"గుంజ ఎద్దులకు పాతింది. గీ దయ్యానికి కాదు."

"నీ వంతుల నువ్వు నడిపించుకో. నేనొద్దన్ననా?"

ఆమె నా వైపు తిరిగింది. "సత్తీ, నీళ్లు ఎంత దిగినయో సూడు బిడ్డా."

నేను చూడలేదు. ఇంజన్ చక్రం ఎంత నున్నగా తిరుగుతోందో చూస్తున్నాను. "తోడినకొద్దీ..." అని మొదలుపెట్టాను.

పంపు గడగడమంది. పుక్కిలించింది. దగ్గింది. ధార సన్నబడి, బురదై, ఆగిపోయింది. నేను బావిలోకి వంగి చూశాను. అడుగున బండ, బండ మీద ఒక కప్ప. కప్ప నన్నే చూస్తోంది.

మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, నాకు మాత్రం అప్పుడు తెలిసింది. ఎద్దులు నెమ్మదిగా తోడేవి. పెద్దబాపు వంతు అయ్యేసరికి ఊట వచ్చి మల్లవ్వ వాటా మల్లవ్వకు చేరేది. నీడను కొలిచి నీళ్లు పంచుకున్నారంటే, మోట ఎంత తోడుతుందో, బావి ఎంత ఊరుతుందో రెండూ తెలిసి పంచుకున్నారు. నేను మోట తీసేసి నీడను ఉంచాను. రెండున్నర గంటల్లో ఇద్దరి నీళ్లూ ఒక్క మడిలోకి చేరాయి. బావి మళ్లీ ఊరాలంటే రేపు పొద్దున దాకా ఆగాలి. మల్లవ్వ వరి ఆగదు.

ఆమె అరవలేదు. కొంగు నడుముకు చుట్టుకుంది. "సరే, ఊరిన కాడికి మోటతోనే తోడుకుంట. యేసయ్యా, గా గిలక ఎక్కియ్యి. నా మోట అందుకో."

యేసయ్య మోట ఎత్తి పట్టుకున్నాడు. చిల్లులోంచి ఆకాశం గుండ్రంగా కనిపించింది. నేను అనుకున్నంత గుండ్రంగానే ఉంది.

"గిదేంది?"

చెట్టు మీది నుంచి జవాబు వచ్చింది: "మీ ఇంజినీరు సారు గీసిన సున్న, అవ్వా!"

"ఎవల్నడిగి కోశినవ్?" అంది మల్లవ్వ. ఆమె చిల్లులో చెయ్యి పెట్టి చూసింది. "రాజయ్య పటేలా, నీ మోటన్న ఇయ్యి."

పెద్దబాపు తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

పక్క బావుల్లో అడగొచ్చు కదా అంటారు. యాసంగిలో నడుస్తున్న మోటను అడగడమంటే తింటున్నవాడి ముందు నుంచి కంచం అడగడం. పైగా కప్పను తోడడానికి మోట దేనికి?

"పెద్దబాపూ, నీ మడిల నీళ్లు ఎక్కువైనయి. గండి కొట్టి కిందికి ఇడువు" అన్నాను. మల్లవ్వ మడి ఆయన మడికి కిందే, ఒక్క గట్టు అడ్డం.

"ఏందీ? నా వంతుల తోడిన నీళ్లు నాయి! మడిల పడ్డ నీళ్లు తిరిగి ఇచ్చుడు మా తాత ఎరుగడు."

"మీ తాత ఇంజన్ గూడ ఎరుగడు."

"తెచ్చినోడివి నువ్వు! తోడినోడివి నువ్వు! మోట కోశినోడివి నువ్వు! మధ్యల నా నీళ్లు ఎందుకు పోవాలె?"

ఇందులో మూడు నిజాలున్నాయి. నాలుగోది లెక్కలో తప్పు. ఆయన మడిలో ఉన్న నీళ్లలో సగం నా నోటుబుక్కు ప్రకారం మల్లవ్వవి. ఊరి ఆచారం ఆయన పక్షం, వరి మల్లవ్వ పక్షం, అపరాధం నా పక్షం. నేను పార అందుకున్నాను.

"సత్తీ! నా గట్టు ముట్టినవంటె బిడ్డా, నీకు నాకు మాటల్లెవ్!"

"లేకపోతే లేకపాయె!" అన్నాను. నా జీవితంలో పెద్దబాపుకు ఎదురు చెప్పిన మొదటి మాట అదే. పార ఎత్తి గట్టు మీద కొట్టాను.

నాకు గట్టు కొట్టడం వచ్చా? రాదు. గండి ఎంత వెడల్పు ఉండాలో అడిగానా? అడగలేదు. నాలుగు దెబ్బలకు గట్టు తెగింది. ఐదో దెబ్బ నేను కొట్టలేదు, నీళ్లే కొట్టాయి. జానెడు గండి మూరెడైంది, మూరెడు రెండు మూరలైంది. నిండు మడి మొత్తం ఒక్కసారిగా మల్లవ్వ వరి మీదికి ఉరికింది.

"వరి పండుకుంటది! పాలుపోసే గింజ, మట్టిల పడ్డదంటె లేవది! అడ్డం పెట్టు!" అని మల్లవ్వ అరుస్తోంది.

"ఏం పెట్టాలె?"

"ఏముంటె గది పెట్టు!"

ఏముంది? పార ఉంది, నోటుబుక్కు ఉంది, నేను ఉన్నాను. మొదటి రెండూ కొట్టుకుపోయాయి.

"నువ్వు కూసో!"

కూర్చున్నాను. గండిలో, ప్యాంటుతో సహా, నడుము దాకా. నీళ్లు నా వీపును తన్ని, రెండు పక్కల నుంచి సన్నగా జారాయి. మల్లవ్వ మడిలోకి దిగి, అక్కడక్కడా కాలితో మట్టి తోస్తూ, నీళ్లను సాళ్లలోకి నడిపిస్తూ, నాకు ఆజ్ఞలిచ్చింది.

"ఎడమ కాలు లేపు! ఇంత లేపు! ఆఁ, సాలు. కుడి పక్క ఎక్కువైతుంది, జరుగు. జరుగుమంటె లేస్తవేంది? కూసో!"

చెట్టు మీది నుంచి: "పిలగా! నీకెన్ని గుర్రాల బలం?"

"అరగుర్రం!" అన్నాను.

"సాలు! మల్లవ్వకు గాడిద బలం గూడ సాలు!"

ఈలోపు పెద్దబాపు నన్ను లాగేయడానికి గట్టు మీది నుంచి ఉరికాడు. బురదలో మూడడుగులు వేశాడు. నాలుగో అడుగు వేసేసరికి చెప్పులు రెండూ బురదలోనే ఉండిపోయాయి. ఒంటికాలి మీద నిలబడి వెతుకుతున్నాడు. మల్లవ్వ తల ఎత్తకుండానే అంది: "మంచిదాయె పటేలా. నీ మోట మళ్ల నీళ్లలకే వచ్చింది."

యేసయ్య నవ్వాడు. లచ్చాగౌడు చెట్టు మీద నవ్వితే కల్లు ముంత ఊగింది. చివరికి పెద్దబాపు కూడా బురదలో కూలబడి, అందరికంటే ఎక్కువగా పగలబడి నవ్వాడు. ఆ మీదట ఆయన చేసిన పని: పార వెతికి తెచ్చి, నా రెండు పక్కలా మట్టి వేసి, గండిని నా నడుము కొలతకు సరిచేశాడు. నన్ను లేవనివ్వలేదు.

"సూశినవా పటేలా" అంది మల్లవ్వ, చేతులు కడుక్కుంటూ. "నీ కొడుకు తెచ్చిన యంత్రాలల్ల గిదొక్కటే మంచిది. కిరసనాయిల్ అడగది."

ఆ మర్నాడు యేసయ్య మల్లవ్వ మోటకు అతుకు వేశాడు. అరిగిపోయిన పాత మోటల నుంచి మా పంపుకు డజను వాచర్లు కోసి, ఆముదంలో నానబెట్టి ఉంచాడు. ఇప్పుడు ఇంజన్ నాకంటే అతని మాటే ఎక్కువ వింటుంది. మల్లవ్వ బావి గోడ మీద సున్నంతో గీతలు గీయించింది: ఈ గీత దాకా పటేలుది, ఆ గీత దాకా నాది, కింద గీత బావిది. బావికి వాటా పెట్టాలన్న ఊహ నాకు వచ్చిందా? మూడుసార్లు కొలిచినవాడికి రాలేదు. గుంజ ఇంకా అక్కడే ఉంది, మేకను కట్టేస్తున్నారు. పెద్దబాపు కొత్త మోట కుట్టించుకున్నాడు. ఎద్దులనూ ఉంచుకున్నాడు, పేడ కోసం.

సిద్దిపేట అంగట్లో ఇప్పటికీ నన్ను చూసి "ఇంజన్లు మన బావులకు పడవు" అనేవాళ్లున్నారు. పడతాయి. పడి తీరతాయి. గుర్రాల బలం చూసి ఎవరూ ఇంజన్ పెట్టుకోరు. చెడిపోయిన రోజున ఊళ్లో ఒక చేయి దాన్ని బాగుచేయగలిగితే పెట్టుకుంటారు, పక్క మడి ఆమె వాటా చెడకపోతే ఉంచుకుంటారు. ఇల్లు అలకగానే పండగ కానట్టే, ఇంజన్ మోగగానే పంట కాదు. అయినా మోగించకుండా పంట ఎట్లా తీస్తారో అది కూడా చెప్పండి! నన్ను గండిలో కూర్చోబెట్టినందుకు ఇంజన్‌ను వదులుకునేవాణ్ని కాదు. నిరుడు నంగునూరులో ఇంకో బావికి ఇంకొకటి బిగించాను.

అయితే తప్పు ఒప్పుకోకపోతే పెద్దలు వినరు కాబట్టి, సూర్యుడు, చంద్రుడు, బావి అడుగు కప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ యంత్రం తెచ్చినా, పాతదాన్ని ఊడదీయకముందే కొత్తదాన్ని ఒక పంట నడిపి చూస్తాను, ఊటను అడగకుండా బావి జోలికి పోను, మల్లవ్వకు చెప్పకుండా కంపాసు పెట్టె మూత కూడా తీయను. గట్టుకు గండి మాత్రం, అవసరమైతే, మళ్లీ కొడతాను.

ఆ యాసంగికి మల్లవ్వ మడిలో వడ్లు తొమ్మిది బస్తాలు. తాలు మూడు చాటలు.